అక్క తర్వాత వచ్చినదాన్ని

ఆ ఏడాది యాపిల్ కోతలకు మా అక్క కూడా వస్తోందని జిల్కె నాకు వంటింట్లో గిన్నెలు సర్దుతున్నప్పుడు చెప్పింది. సంతోషంగా చెప్పింది. నేనూ సంతోషిస్తాననుకుంది పాపం. మంచిదేగా అన్నాను. అని, చేతిలో ఉన్న పిల్ల కప్పును పై అరలో పెట్టాల్సింది కింది అరలో పెట్టేశాను. జిల్కె నవ్వుతూ దాన్ని తీసి పైన పెట్టింది. "సహూలి ఎప్పుడూ ఇక్కడే పెట్టేది," అంది.

జనవరిలో నేను హానోవర్‌లో ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఇదే వరస. నాకు ముందు ఏడాదిపాటు ఆ ఇంట్లో ఉండి జిల్కె కూతురు ఫ్రీడాను చూసుకున్నది మా అక్క సహూలి. గడువు ముగిసి బ్రెమెన్‌లో నర్సు చదువుకు వెళ్తూ వెళ్తూ, తన చోటికి నన్ను రప్పించింది. మేడమీది గది, కిటికీ పక్క మంచం, కొక్కేనికి వదిలేసి వెళ్ళిన నీలం చలికోటు, అన్నీ నాకు ఆమె నుంచే వచ్చాయి. మా ఊరు అంబుసిత్రలో కూడా నా బడి గౌన్లు ఆమె విడిచినవే, నా చెప్పులు ఆమె అరగదీసినవే. మడగాస్కర్‌లో విమానమెక్కి సముద్రాలు దాటి వచ్చినా నా రాత ఏమీ మారలేదు. ఫారా అంటే మా భాషలో కడగొట్టు బిడ్డ. నా పేరులోనే ఉంది, మిగిలింది తినమని.

జిల్కె చెడ్డది కాదు. కళ్ళ డాక్టరు. భర్తతో విడిపోయి పిల్లను ఒంటరిగా పెంచుకుంటోంది. పిల్లల్ని చూసుకుంటూ ఏడాదిపాటు ఇంట్లో ఉండే ఓపేర్ అమ్మాయి అంటే పనిమనిషి కాదు, ఇంటిమనిషి అని మొదటిరోజే చెప్పింది, అలాగే చూసుకుంది కూడా. నేను ఆ ఇంట్లో తిని, ఆ ఇంట్లో పడుకుని, పిల్లను బడికి దింపి తెచ్చి, మిగిలిన వేళల్లో జర్మన్ నేర్చుకునేదాన్ని. ఏనాడూ ఆమె నన్ను విసుక్కోలేదు. కాకపోతే, సహూలి చేసే బంగాళదుంపల పులుసు ఎంత బాగుండేదో చెప్పేది. సహూలికి భాష ఎంత త్వరగా వచ్చిందో చెప్పేది. ఎవరైనా తిడితే మూతి ముడుచుకుని కూర్చోవచ్చు. మన ఎదుట ఇంకొకరిని పొగుడుతుంటే ఏం చేస్తాం? అవునవును అని తల ఊపాలి. అందులోనూ ఆ ఇంకొకరు సొంత అక్క అయితే గర్వపడినట్టు కూడా కనిపించాలి.

ఫ్రీడా మొదట్లో నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. స్నానాలగది లోంచి మా అక్కనే పిలుస్తూ "హూలీ" అని కేకవేసి, తలుపు తీసింది నేనని చూసి నోరు మూసుకునేది. దువ్వెన పట్టుకుంటే తల రెండు చేతులతో కప్పుకునేది. ఆ పిల్లను నావైపు తిప్పుకోవడానికి నేను పడ్డ పాట్లు పెళ్ళికొడుకు కూడా పడడు. వెనకాల వంగి పరిగెత్తీ పరిగెత్తీ నడుము పడిపోయేలా సైకిలు నేర్పాను. జ్వరం వస్తే పక్కన నేలమీద పడుకున్నాను. ఒకరోజు అన్నం అడుగంటితే, మా ఇళ్ళలో చేసుకున్నట్టు ఆ మాడులో నీళ్ళు పోసి కాచి తాగుతుంటే, ఏమిటది అని వచ్చి గ్లాసు లాక్కుని తాగింది. రోజూ కావాలంది. అది మాత్రం అచ్చంగా నాదే. మా అక్క వండితే అన్నం మాడదు కదా.

వేసవి వచ్చేసరికి ఆ పిల్ల నోట ఫారా తప్ప మరో పేరు లేదు. ఆగస్టులో మొదటి తరగతిలో చేరినప్పుడు పుస్తకాల సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాటుతూ జిల్కె చెయ్యి కాక నా చెయ్యి పట్టుకుంది. ఇంతలో అక్క వస్తోందన్న వార్త. తను రావడం, చేతులు చాచడం, పిల్ల పరిగెత్తి వెళ్ళి మెడకు చుట్టుకోవడం, నేను పక్కన సంచులు పట్టుకుని నిలబడటం, ఇవన్నీ అప్పుడే నాకు కళ్ళకు కట్టాయి. దానికి తోడు ఊరి నుంచి అమ్మ ఫోను చేసింది. నేను ఎలా ఉన్నానని అడగలేదు. అక్కకు ఏం వండి పెడుతున్నావని అడిగింది.

*

జిల్కె వాళ్ళ అమ్మ ఉండేది ఎల్బె నది కరకట్ట పక్కన, యాపిల్ తోటల మధ్య. అందరం ఆమెను ఓమా అనే పిలిచేవాళ్ళం, అంటే అమ్మమ్మ. తోటలో ఎక్కువ భాగం కౌలుకిచ్చేసి ఇంటి వెనకాల కొన్ని వరసలు మాత్రం తను ఉంచుకుంది. శుక్రవారం సాయంత్రానికి మేము ముగ్గురం కారులో చేరుకున్నాం. ఓమా గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూసి, "అక్క వచ్చేది రేపా? అట్టయితే మంచి దుప్పట్లు రేపు తీస్తాలే," అంది. ఆమె మాట ఎప్పుడూ అంతే, నవ్వుతోందో లేదో తెలియదు. నేను ఆ రాత్రి మామూలు దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

శనివారం పొద్దున దగ్గర్లోని స్టాడె స్టేషనుకు వెళ్ళాం. రైలు దిగుతున్న అక్కను నేను తల నుంచి కాళ్ళదాకా వెతికాను, ఎక్కడైనా కాస్త వాడిపోయి ఉంటుందేమోనని. వాడలేదు. పొడుగు జడలు తీసేసి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. మెడలో ఆకుపచ్చ రుమాలు. నడకలో కొత్త ధీమా. ఆసుపత్రిలో రోగులు కూడా ఈమె పేరే పలవరిస్తూ ఉంటారనిపించి ఒళ్ళు మండింది.

అక్క సంచీ కింద పడేసి, గొంతుకూర్చుని, రెండు చేతులూ చాచింది. "రా బంగారం," అంది.

ఫ్రీడా నా వెనక్కి జరిగింది. నా పిడికిలి గట్టిగా పట్టుకుంది.

"అదేమిటి, సహూలి వచ్చింది చూడు," అని జిల్కె ముందుకు తోసింది. పిల్ల ఒక్క అడుగు వేసింది. వేసి, కుడిచెయ్యి నిటారుగా చాపింది.

"నమస్తే అండి," అంది. "మీరు రైల్లో వచ్చారా?"

అక్క చేతులు ఇంకాసేపు అలాగే చాచి ఉన్నాయి. తర్వాత ఒక చెయ్యి దించి, రెండో చేత్తో ఆ చిన్న చెయ్యి అందుకుని ఊపింది. "అవునండీ, రైల్లోనే వచ్చాను," అంది నవ్వుతూ.

జిల్కె గబగబా సర్దబోయింది. "బడిలో కొత్తగా నేర్పారు. తెలియని పెద్దవాళ్ళను మీరు అనాలని..." అంటూ అంటూ, తెలియని అన్న మాట దగ్గర తనే ఆగిపోయింది. నేను వంగి అక్క సంచీ తీసుకున్నాను. పూలసజ్జ అంత తేలిగ్గా అనిపించింది. లోపల నాకు పండగే.

కారులో ఫ్రీడా తన పక్కన నేనే కూర్చోవాలంది. అక్క ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా నేను పిల్ల తలమీద చెయ్యి వేసి ఉంచాను. ముందర చిన్న అద్దం ఉంది, అందులోంచి కనిపిస్తుందని నాకు తెలుసు.

*

మధ్యాహ్నం అక్క, ఫ్రీడా, నేను సైకిళ్ళ మీద కరకట్టకు వెళ్ళాం. కట్టమీద గొర్రెలు మేస్తున్నాయి. అడ్డగేటు దగ్గర ఒకరు దిగి తలుపు పట్టుకుంటే మిగతావాళ్ళు దాటాలి. ప్రతి గేటు దగ్గరా అక్కే దిగింది. ఫ్రీడా ముందు పోతూ, "ఫారా చూడు, ఒంటిచేత్తో," అని వెనక్కి అరిచేది. చూస్తున్నాను పడిపోతావు అని నేను అరిచేదాన్ని. అక్క నా పక్కకు వచ్చి, "సైకిలు ఎప్పుడు నేర్చుకుంది?" అని అడిగింది. ఈస్టరుకు అన్నాను. నేను ఉన్నప్పుడు ఎంత బతిమాలినా ఎక్కేది కాదు అంది. నాకైతే బతిమాలాల్సిన పని రాలేదన్నాను. అది నిజం కాదు.

అవతలి వైపు మెట్లు దిగితే ఇసక. పాటు సమయం, నీళ్ళు బాగా లోపలికి తగ్గి ఉన్నాయి. హాంబుర్గ్ రేవుకు పోయే పెద్ద ఓడలు మనిషి నడకంత నిదానంగా పోతున్నాయి. తెచ్చుకున్న రొట్టెముక్కలు తిన్నాక, అక్క బూటు మడమతో తడి ఇసకలో వరసగా గుంటలు చేసింది. ఇటు వరస, అటు వరస. గులకరాళ్ళు ఏరి గుంటకు రెండేసి వేసింది. మా దేశంలో పిల్లలందరూ ఆడే గుంటలాట అది, కాట్రూ అంటాం.

"ఆడదామా?" అని అడిగింది పిల్లను.

"నాకు వచ్చు," అంది ఫ్రీడా. "ఫారా నేర్పింది."

నేను నేర్పలేదు. జనవరిలో నేను వచ్చిన మొదటివారంలోనే, కోడిగుడ్ల అట్టపెట్టెలో చిక్కుడుగింజలు పోసుకుని ఆ పిల్ల ఒంటరిగా ఈ ఆట ఆడుతుంటే చూశాను. ఎవరు నేర్పారని అడిగితే హూలీ అంది. తొమ్మిది నెలల్లో అది ఆ బుర్రలోంచి ఎలా జారిపోయిందో తెలియదు. అక్క తలెత్తి నావైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే తనే అంది: "అలాగా? నాకూ ఫారాయే నేర్పింది. చిన్నప్పుడు."

పిల్ల మురిసిపోయింది. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. కాదు, నేను నేర్పాను అని అక్క గట్టిగా అని ఉంటే, పోనీలే నేర్పావులే అని నేనూ అనేదాన్ని. నాతో పోట్లాడి ఉంటే పోట్లాడేదాన్ని. తనది తీసి నా ఒళ్ళో పడేసి, పైగా నవ్వుతూ కూర్చుంది. ఇక్కడ కూడా నాకు దక్కింది తను విడిచిందే.

మా భాషలో అన్నాను, పిల్లకు అర్థం కాకుండా. "నీ దయ నాకేం అక్కర్లేదు."

"దయ ఏమిటే పిచ్చిదానా. చిన్నపిల్ల ముందు ఏం వాదించుకుంటాం?"

అంతలో, ఎప్పుడో దాటిపోయిన ఓడ లేపిన అల ఆలస్యంగా ఒడ్డుకొచ్చి గుంటలన్నీ నింపేసింది. ఫ్రీడా కాళ్ళు ఎత్తి కేరింతలు కొడుతూ నా మీదికి ఎక్కింది. అక్క తడిసిన రాళ్ళు ఏరుకుంటూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం జిల్కె, ఓమా పక్క తోటవాళ్ళను పలకరించడానికి వెళ్ళారు. పిల్ల ముందుగదిలో బొమ్మలు వేసుకుంటోంది. మేమిద్దరం వంటింట్లో బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఉడకబెట్టడానికి దెబ్బతిన్న యాపిళ్ళు తొక్క తీస్తున్నాం. అక్క తన చదువు గురించి, కలిసి ఉండే అమ్మాయిల గురించి చెప్పింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఎక్కడా ఏ లోటూ లేదు. నిజంగానే లేదు, నేను వెతికాను.

"నన్ను మీరు అంది," అంది అక్క. అని నవ్వింది.

"బడిలో నేర్పారని జిల్కె చెప్పింది కదా."

"నువ్వూ అంతే చేశావు, తెలుసా? నన్ను సిస్టర్ల హాస్టల్లో వేశాక మొదటి సెలవులకు ఇంటికొచ్చాను. నువ్వు అమ్మ కొంగు వెనకాల దాక్కుని, ఈ అమ్మగారెవరని అడిగావు. అమ్మ పడీపడీ నవ్వింది. ఊరంతా చెప్పుకుంది."

"నాకు గుర్తులేదు."

"నీకెందుకుంటుంది?"

ఆమె హాస్టలుకు వెళ్ళడం అంటే నాకు గుర్తున్నది కొత్త పెట్టె, కొత్త బూట్లు, ఆమె కోసం అమ్మ వేయించిన వేరుశెనగలు. నాకు అవేవీ లేవని ఏడ్చినట్టు కూడా గుర్తు. ఆమె తిరిగి రావడం మాత్రం నాకు ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాను. "పిల్లను మందలించనా?"

"ఏమీ చెయ్యొద్దు. తొక్క కాస్త సన్నగా తియ్యి, సగం కాయ పోతోంది."

నేను కత్తి బల్లమీద పెట్టేశాను. ఏదో ఒకటి గట్టిగా అనాలని తలెత్తితే, అక్క చేతికింద తొక్కలు కనిపించలేదు. తీసిన తొక్క తీసినట్టు నోట్లో వేసుకుంటోంది. చూపు ముందుగది తలుపు మీద ఉంది. తను తింటున్న సంగతి తనకు తెలిసినట్టు లేదు. నేను మళ్ళీ కత్తి తీసుకున్నాను.

*

ఆదివారం పొద్దున్నే ఫ్రీడా నా దుప్పటి లాగేసింది. అవతలి ఒడ్డుకు పోయే పడవ ఎక్కుదాం, మనిద్దరమే అంది. మనిద్దరమే అన్న మాట చెవిలో తేనె పోసినట్టుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. కింద తోటలో అక్క ఒక్కతే ఉంది. కర్రకు సంచీ కట్టిన గెడతో అందని కాయలు కోస్తోంది. సాయంత్రం బండికి ఆమె వెళ్ళిపోవాలి. కోసిన కాయను చేతిలో పట్టుకుని, ఇంటివైపు ఒకసారి చూసి, పెట్టెలో వేసింది. మళ్ళీ ఇంకొకటి.

ఎందుకన్నానో నాకే తెలియదు. "నాకు ఓమాతో పనుంది. నువ్వు సహూలితో వెళ్ళు," అన్నాను.

"వెళ్ళను."

"ఎందుకని?"

ఫ్రీడా దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "ఆవిడ ఎలాగూ వెళ్ళిపోతారు కదా," అంది.

నేనూ వెళ్ళిపోయేదాన్నే. డిసెంబరు చివరికి నా గడువు కూడా అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"వెళ్తుంది," అన్నాను. "సాయంత్రం దాకా మాత్రం ఉంటుంది." పెంకిగా ముడుచుకున్న కాలివేళ్ళు సరిచేసి, బూట్లు తొడిగి, తాళ్ళు కట్టాను. చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్ళి, పడవ ఎక్కుతుందట అని అక్కకు అప్పజెప్పాను. నువ్వు రావా అంది అక్క. పని ఉందన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, గెడను చెట్టుకు ఆనించింది. ఇద్దరూ సైకిళ్ళు తీసుకుని వెళ్ళారు, మధ్యలో ఒక బండి పట్టేంత ఎడంతో.

ఓమా, నేను కొట్టంలో కూర్చుని కాయలు వేరుచేశాం. మంచివి ఒక పెట్టెలో, రసానికి పోయేవి ఒక పెట్టెలో. నేను మాటిమాటికీ లేచి గేటు దాకా పోయి వస్తున్నాను. గంటలు గంటలు ఏం చేస్తున్నట్టు? పిల్లకు ఆకలి వేయదా? ఏడుస్తోందేమో. ఏడుస్తూ నన్ను అడుగుతోందేమో. అడుగుతూ ఉంటే బాగుండును.

"ఎన్నిసార్లు చూసినా అదే రోడ్డే పిల్లా," అంది ఓమా.

నేను వచ్చి కూర్చున్నాను.

"పంపించింది నువ్వే కదటే?"

"నేనే."

"మరి మొహం ఎందుకట్టా పెట్టావు, పుల్లకాయ కొరికినట్టు?"

ఓమా ఒక కాయను లంగాకు తుడిచి, మచ్చ ఉందేమోనని తిప్పి తిప్పి చూసింది. చూస్తూనే చెప్పింది. జిల్కె పసిపిల్లగా ఉన్నప్పుడు కోతలన్నాళ్ళూ తను నిచ్చెన మీదే ఉండేదట. పిల్లను పక్కింటి గెర్డా చూసుకునేదట. పిల్లకు జ్వరం వస్తే గెర్డా, గెర్డా అని పలవరించేదట, తను మంచం పక్కనే కూర్చుని ఉన్నా.

"ఆవిడ మంచిది," అంది ఓమా. "నాకు చాలా సాయం చేసింది. పోయి చాలా ఏళ్ళయింది. ఆమె సమాధి మీద పూలు కూడా నేనే పెడతా. ఇప్పటికీ నాకు ఆమె అంటే పడదు."

ఆ కాయను మంచివాటిలో వేసి ఇంకొకటి తీసుకుంది. ఆ రెండు రోజుల్లో నాకు హాయిగా అనిపించిన మాట అదొక్కటే.

భోజనాల వేళ దాటాక వచ్చారు. ముందు పాట వినిపించింది. మా అమ్మ మాకు తల దువ్వుతూ పాడే పాట, మా భాషలో. నేను ఆ పిల్ల దగ్గర ఏనాడూ పాడలేదు, నా గొంతు బాగుండదు. పాట వెనక మనుషులు వచ్చారు. ఇద్దరికీ మోకాళ్ళ దాకా బురద. అక్క రెండు సైకిళ్ళనూ తోసుకుంటూ నడుస్తోంది, ఫ్రీడా ఆమె వీపు మీద ఉంది. దగ్గరికి వచ్చాక చూశాను, పిల్ల తలనిండా సన్న జడలు. నేను దువ్వెన పట్టుకుంటే ఇప్పటికీ అరచి గీపెట్టే తల అది.

"ఫారా, హూలీ బూటు బురదలో ఉండిపోయింది," అని అరిచింది ఫ్రీడా. "లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. నువ్వు చెప్పు హూలీ, నువ్వు చెప్పు."

అక్క చెప్పింది. జిల్కె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. పొయ్యి మీద పులుసు వేడిచేయడానికి లోపలికి వెళ్ళి, మంట పెట్టకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. నేనే పంపాను. నేనే బూట్లు తొడిగి పంపాను.

సాయంత్రం స్టేషనులో ఫ్రీడా అక్క చంక దిగలేదు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. "తెలియదు బంగారం. తెలిసిన రోజున ముందు నీకే చెబుతాను," అంది అక్క. పిల్లను జిల్కె చేతికిచ్చి, రైలు మెట్టు మీద నిలబడి, నావైపు వంగి మా భాషలో గబగబా అంది.

"నేను చెప్పకుండా వెళ్ళాను ఫారా. పిల్ల కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాను. చెబితే ఏడుస్తుంది, చెప్పకపోతేనే మంచిదని జిల్కె అంది. నాకూ అదే సుఖంగా తోచింది. నువ్వు మాత్రం అలా చెయ్యకు."

చెప్పి లోపలికి వెళ్ళింది. వెళ్ళిపోవడం ఎలాగో కూడా ఆమే నేర్పాలా అనుకున్నాను. రైలు కదిలాక ఫ్రీడా నా చేతిలోకి వచ్చింది. జడలు నా చెంపకు గుచ్చుకున్నాయి. అవి వారమంతా అలాగే ఉన్నాయి, విప్పనివ్వలేదు.

*

నవంబరులో, బయట ఆకులన్నీ రాలిపోయాక, నేను వెళ్ళిపోతున్నానని ఫ్రీడాకు చెప్పాను. ఇప్పటి నుంచే ఎందుకు, చివర్లో చూద్దాంలే అంది జిల్కె. కాదు, చెప్పాలి అన్నాను. ఆమె మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. సహూలి అయితే... అని ఆమె ఏదో మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగింది.

పిల్ల విని, సరే అంది. మర్నాడు నా చేతిమీద కొరికింది. ఒకరోజంతా మాట్లాడలేదు. ఇంకోరోజు నా పెట్టె తెరిచి అందులో పడుకుంది. రోజూ అడిగేది, రేపేనా అని. రేపు కాదు అని రోజూ చెప్పేదాన్ని. మధ్యమధ్య నాకు అనిపించేది, చెప్పకుండా పోవడమే నయమేమోనని. కొత్త అమ్మాయి యూలియెత్ కొలంబియా నుంచి నేను ఉండగానే వచ్చింది. పిల్ల ఆమెకు నీళ్ళు కూడా అందివ్వలేదు. నాకు కాస్త సంతోషమే కలిగింది. పిల్లకు ఇష్టమైనవి, పడనివి అన్నీ ఆమెకు చెప్పాను. మాడు నీళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు.

వెళ్ళేనాడు ఫ్రీడా గుమ్మం దాకా వచ్చింది. నా మోకాళ్ళు రెండూ చుట్టేసి పట్టుకుంది. ఏడ్చిన ఏడుపుకు ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. పిల్ల వేళ్ళను జిల్కె ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. వీధి మలుపు తిరిగేదాకా నాకు వినపడుతూనే ఉంది. ట్రాములో నా ఎదుట కూర్చున్న ముసలాయన తన రుమాలు తీసి నాకిచ్చాడు.

బ్రెమెన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఏడాది పని దొరికింది నాకు. అది మొదలయ్యేదాకా అక్క గదిలోనే ఉండాలి. స్టేషనుకు అక్క వచ్చింది. వాన పడుతోంది. బయట బస్సు ఆగేచోట రేకు కింద నిలబడ్డాం. ప్రయాణం ఎలా జరిగింది, ఏమన్నా తిన్నావా అని అడిగింది. నా పెట్టె మీద చుక్కలు పడకుండా లోపలికి జరిపింది. తర్వాత రోడ్డు వైపు చూస్తూ అడిగింది.

"చెప్పే వచ్చావా?"

"చెప్పే వచ్చాను."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది. గుమ్మం దాకా వచ్చి, నా కాళ్ళు రెండూ..." అంటూ అక్క మొహం చూశాను.

ఆ మొహం నాకు తెలుసు. అద్దంలో ఎన్నోసార్లు చూసుకున్నాను. పెదవులు నవ్వుతూ ఉంటాయి, కళ్ళు ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నదాన్ని చూస్తూ ఉంటాయి. మా అక్క మొహంలో దాన్ని చూడటం మాత్రం అదే మొదటిసారి. పుట్టిన దగ్గర నుంచీ నేను కోరుకున్నది అదే. ఆమె నావైపు అలా చూడాలని.

"బాగా ఏడ్చిందా?" అంది అక్క.

"లేదులే," అన్నాను. "కాసేపే. తర్వాత ఆటలో పడిపోయింది."

అక్క తల ఊపింది. బస్సు వస్తే పెట్టె ఒక చివర తను పట్టుకుంది, ఒక చివర నేను పట్టుకున్నాను.